డప్పు పోటీల ఫైబర్ డప్పు ఒప్పుకోవాల్నా, వద్దా?

మూసీగట్టు: నల్లగొండ దిక్కు మా మండలంల డప్పు పోటీ పెడుతున్నం. దళానికి 12 మంది. తోలు డప్పు బదులు ఫైబర్‌ది తెస్తమని రెండు దళాలు అడుగుతున్నయి. నిబంధనల కాయితంల ఏం రాయాలె?

సిర్రదెబ్బ: వద్దని రాయి. తోలు తేమ గుంజితే సాగుతది, మంటకు కాపితే బిగుస్తది. ముసురుల ఎంత కాపినా నాలుగు దరువులకే గొంతు దిగుతది. ఫైబర్‌దానికి ప్లాస్టిక్ షీటు, చుట్టూ బోల్టులు. మంట అక్కర్లేదు. ఒక దళం మంట కాడికి ఉరుకుతుంటే ఇంకో దళం నిమ్మళంగ నిలబడుతది. ఇదేం పోటీ?

తాళంచెవి: బోల్టు తిప్పుడు సులువనుకున్నవా అన్నా? ఎదురెదురు బోల్టులు పావు చుట్టు చొప్పున బిగించాలె. వరుసగ బిగిస్తే షీటు ఒక పక్కకు గుంజుకొని ఒకే డప్పు రెండు గొంతులు పలుకుతది.

సిర్రదెబ్బ: ఇంటికాడ ఒక్కసారి బిగిస్తే అయిపాయె.

పాలమూరుపోరడు: మంటతోటి ఏం పని? చేతివాటం చూడుండ్రి.

సిర్రదెబ్బ: కాపుడు కూడా చేతివాటమే తమ్మీ. మంటకు దగ్గర పెడితే తోలు కమిలి అంచుకాడ పగులుతది, దూరం పెడితే మెత్తగనే ఉంటది. వరిగడ్డి మంట భగ్గుమని ఆరుతది, అందుకే డప్పును తిప్పుకుంట కాపాలె. వేలితోటి కొడితే కణ్‌మనాలె. బొద్దుమంటే ఇంకా కాలేదన్నట్టు.

బ్యాండుమామ: బ్రిటన్ బ్రాస్ బ్యాండ్లల్ల ఊదేటోళ్లు 25 మంది దాకుంటరు, ముందు వరుసల కార్నెట్లు, అంటే ట్రంపెట్ అసోంటి పొట్టి బూరలు. ట్రంపెట్‌ను మాత్రం అండ్ల కలుపరు. ట్రంపెట్‌కు వేళ్లు అవే, స్వరం అదే. కానీ కార్నెట్ గొట్టం మెల్లమెల్లగ వెడల్పయితది, ట్రంపెట్‌ది చాలా దూరం ఒకే లావు. అందుకే దాని మోత పదును, పక్కోళ్లది మునుగుతది. డప్పుకూ అంతే. 12ల 4 ఫైబర్‌వి కలిస్తే మైకుల టకటకనే వినొస్తది. అన్నీ తోలన్న ఉండాలె, అన్నీ ఫైబరన్న ఉండాలె.

పాలమూరుపోరడు: ఈడ బ్రిటన్ ఎందుకొచ్చింది మామా 😄

తాళంచెవి: మామ మాట నాకు సమ్మతమే. దళమంతా ఫైబరైతే ఏం ఇబ్బంది? కుడిచేతి కర్ర సిర్ర అదే, ఎడమచేతి సిటికెన పుల్ల అదే, దరువు అదే.

సిర్రదెబ్బ: దరువు అదే, డప్పు కాదు. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, చట్రం మీద గుంజి, ఎనక వార్లు బిగించేటోడు ఏమైపోవాలె? మీకు డప్పు కావాలె, తోలు వాసన వద్దు. గంతే గద!

తాళంచెవి: ఇగ అసలు మాట వచ్చింది. తోలు పని మాదిగోళ్లే చెయ్యాలె, డప్పు మాత్రం అందరిదా? ఆ పని ఇడిసిన పిల్లలను తప్పువట్టకు. తోలు డప్పు భుజాన కనవడితే "చావు ఉంది రా" అని పిలిచే ఊర్లు ఇంకా ఉన్నయి. ఫైబర్‌ది పట్టుకున్నోన్ని అట్ల పిలుస్తరా?

సిర్రదెబ్బ: పిలిచేటోని నోరు మార్చాలె గాని డప్పును మారుస్తరా?

తాళంచెవి: నోరు మారేదాక పోరలు కొట్టుడు బంద్ పెట్టాల్నా?

మూసీగట్టు: కొట్లాట ఆపుండ్రి. రెండు విభాగాలు చేద్దామంటే కప్పు ఒక్కటే ఉంది. తోలు దళాలకు ఎక్కేముందు 10 నిమిషాలు మంట, నడుమ ఇంకోసారి కాపుకునే వీలు ఇస్త. దళంల రెండు రకాలు కలపొద్దు. గడ్డి ఎవరు తెస్తరు?

సిర్రదెబ్బ: రెండు మోపులు నేను తెస్త. ఫైబర్ ఒప్పుకున్ననని మాత్రం రాయకు.