అప్‌డేట్: మోకాళ్ల నొప్పులతో గాలాపగోస్ చిన్న ఓడ యాత్ర

గాలాపగోస్ (పసిఫిక్ సముద్రంలోని ఈక్వెడార్ దీవులు) యాత్రలో, మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజుకు రెండు దీవి నడకలు తట్టుకోగలదా అని ఇక్కడ అడిగాను. వెళ్లొచ్చాం. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నేను భయపడింది పడవ నుంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగడం గురించి. ఎస్పనోలా దీవి గార్డ్‌నర్ బేలో అదే తేలికయింది: పడవ మనిషి మోచేతి దగ్గర గట్టిగా పట్టి దింపాడు, కింద మెత్తటి ఇసుక. కష్టమంతా మధ్యాహ్నం అదే దీవిలోని పుంటా సువారెజ్‌లో! దారి పొడవునా గుండ్రాళ్లు, వాటి మీద కదలని సముద్రపు ఉడుములు. జంతువులకు రెండు మీటర్ల దూరం పాటించాలి కదా, అడుగు ఎక్కడ వేయాలో వెతుక్కోవాల్సిందే. రబ్బరు తొడుగున్న చేతికర్ర తీసుకెళ్లమన్న సలహానే అక్కడ కాపాడింది.

నీళ్ల బూట్లు దండగ. అమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుని దిగింది.

ఆల్బట్రాస్‌లను (పెద్ద సముద్ర పక్షులు) చూడాలంటే ఏప్రిల్, డిసెంబరు మధ్య వెళ్లండి.