మోకాలి మార్పిడి తర్వాత వాకర్: త్వరగా వదిలేయాలా, ఆగాలా?

సీతమ్మధార_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా అమ్మకి 68 ఏళ్ళు. కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయి మూడో వారం నడుస్తోంది. మర్నాడే వాకర్‌తో నడిపించారు, బాగానే ఉంది. ఇప్పుడు ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "వాకర్ అలవాటైతే ఇక జన్మలో వదలదు, తీసెయ్" అని మా పెద్దమామయ్య. కుంటు పోయేదాకా ఏదో ఒక ఆసరా ఉండాలని అమ్మకి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. పక్కింటావిడ వచ్చి "మా వదిన ఈపాటికి సింహాచలం కొండ మీద అప్పన్న దర్శనానికి కూడా వెళ్ళొచ్చింది" అన్నప్పటి నుంచి అమ్మకి టెన్షన్. నిన్న నేను చూడకుండా గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. మీరేమంటారు?

గాజువాక_మేష్టారు
మీ మామయ్య వైపే నేను. నాకు రెండు మోకాళ్ళూ మార్చారు. వాకర్ మీద వాలిపోయి, నడుం వంచి, మోకాలు పూర్తిగా చాచకుండా నడిచేవాళ్ళని చాలామందిని చూశాను. ఇంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించుకున్నది నిటారుగా నడవడానికే కదా! కొత్త కీలు బరువు మొయ్యగలదని డాక్టర్లే చెబుతారు. ఇంకా భయం దేనికి?

ఎంవీపీ_ఫిజియో
కీలు మొయ్యగలదు మేష్టారూ, అది నిజమే. సిమెంటుతో బిగించిన కీలు మీద చాలామందికి మొదటి రోజు నుంచే బరువు వెయ్యనిస్తారు. కానీ మనిషి పడిపోయేది కీలు వల్ల కాదు, తొడ కండరం వల్ల. మోకాలు వాచి, నొప్పిగా ఉన్నన్నాళ్ళూ తొడ ముందు కండరం సరిగ్గా బిగుసుకోదు. అడుగు మధ్యలో మోకాలు ఉన్నట్టుండి మడత పడుతుంది. పడితే కొత్త కీలు పక్కన ఎముక విరగొచ్చు. దానికి చేసే ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం.

మీరు చెప్పిన నడుం వంగడానికి కారణం ఎక్కువసార్లు వాకర్ ఎత్తు తక్కువ కావడమే. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. వాకర్ కాళ్ళకున్న బొత్తాలు నొక్కి ఎత్తు సరిచేసుకోవచ్చు.

అమ్మా, వాకర్‌కీ ఉత్త చేతులకీ మధ్య చేతికర్ర ఉంది, మీ ఇంట్లో దాని మాటే రాలేదు. చాలామంది 2, 3 వారాల్లో వాకర్ నుంచి కర్రకి మారతారు, 6 వారాల దాకా కర్ర వాడతారు. కొందరికి ఇంకా పడుతుంది. నేను క్యాలెండర్ కంటే కాలునే చూస్తాను. పడుకుని, మోకాలు వంచకుండా కాలు పైకి ఎత్తగలగాలి. వాకర్‌ని ఊరికే తాకుతూ నడవగలగాలి. అప్పుడు కర్ర ఇస్తాను. అదీ ఎడమ చేతికి! కుడి మోకాలికి ఆపరేషన్ అయితే కుడి చేత్తోనే కర్ర పట్టుకోవాలనుకుంటారు అందరూ. ఎడమ చేతి కర్ర, కుడి కాలు ఒకేసారి ముందుకు వెళితేనే ఆ మోకాలి మీద బరువు తగ్గుతుంది.

గోడ పట్టుకుని నడవడం మాత్రం వద్దమ్మా. గోడ అయిపోయిన చోట పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

గోపాలపట్నం_కోడలు
మన విశాఖ సంగతి ఎవరూ అనలేదేం? మా వీధి అంతా వాలు. మా అత్తగారు ఇంట్లో కర్రతో చక్కగా నడిచేవారు, గేటు దాటి కిందికి దిగాలంటే మోకాలు వణికేది. అందుకే కొన్నాళ్ళు ఇంట్లో కర్ర, బయట వాకర్ పెట్టుకున్నాం. నలుగురూ ఏమనుకుంటారో అని ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఆవిడకే ధైర్యం వచ్చింది. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్ మాది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ కాలు ముందు అని నేర్పించారు. ఇంకో మాట: కర్ర కింద రబ్బరు బుష్ అరిగిందేమో చూస్తూ ఉండండి. తడి టైల్స్ మీద అదే జారుతుంది.

గాజువాక_మేష్టారు
ఎత్తు సంగతి సరే, ఒప్పుకుంటాను. కానీ ఆసరా ఉంది కదా అని వ్యాయామం మానేసి నెలల తరబడి వాకర్‌తోనే గడిపేవాళ్ళ మాటేమిటి? వాళ్ళని కాస్త గట్టిగా తొయ్యాల్సిందే.

ఎంవీపీ_ఫిజియో
అక్కడ మీతోనే ఉన్నాను మేష్టారూ. వాకర్ ఉన్నా లేకపోయినా రోజూ మోకాలు చాచే, వంచే వ్యాయామాలు తప్పవు. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టకూడదు, మోకాలు వంగినట్టే ఉండిపోతుంది. అలాగే పిక్క వాచి నొప్పి పుడితే వ్యాయామం వల్లే అనుకుని ఊరుకోకండి. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకి చూపించాలి.

సీతమ్మధార_అమ్మాయి
అందరికీ థాంక్సండీ. ఇప్పుడే చూశాను, అమ్మ వాకర్ పిడి మణికట్టు కంటే బాగా కింద ఉంది. ఆదివారం మామయ్య వస్తారు, ఇవన్నీ చదివి వినిపిస్తాను. ఒక్క సందేహం: ఒంటి కాలు కర్ర కొనాలా, కింద నాలుగు కాళ్ళు ఉండేదా?

ఎంవీపీ_ఫిజియో
చదునైన నేల మీద నాలుగు కాళ్ళది గట్టిగా నిలుస్తుంది. వాలులో, ఇరుకు మెట్ల మీద నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనకపోవడంతో ఊగుతుంది. మీ వీధి కూడా వాలైతే ఒంటి కాలుదే తీసుకోండి. షాపుకి అమ్మని తీసుకెళ్ళలేకపోతే ఎత్తు మార్చుకునే రకం అడగండి. బయట నడక మొదలుపెట్టాక బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లని రానివ్వని వేళ మంచిది, చదునుగా ఉంటుంది. ఇసుకలోకి మాత్రం ఇప్పుడే దిగనివ్వకండి.