రీపర్ డ్రోన్ ముక్కు అంత ఉబ్బుగా ఎందుకుంటుంది?

ప్రశ్న: ఎంక్యూ-9 రీపర్ ఫొటోలు చూస్తుంటే డౌటొచ్చింది. లోపల పైలట్ లేడు కదా, మరి ముందుభాగం అంత ఉబ్బెత్తుగా ఎందుకు పెట్టారు?

జవాబు 1: అందులో ఉండేది శాటిలైట్ డిష్ అండి. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో కూర్చున్న పైలట్, పక్కనే కెమెరాలు చూసుకునే సెన్సర్ ఆపరేటర్, ఇద్దరూ ఆ లింకు మీదే పనిచేస్తారు. ముక్కు కింద వేలాడే బంతిలో మామూలు కెమెరా, ఇన్‌ఫ్రారెడ్, లేజర్ ఉంటాయి.

జవాబు 2: ఆ శాటిలైట్ లింకు వల్ల సిగ్నల్ సెకనుకు పైగా ఆలస్యమవుతుంది, అందుకే చాలాకాలం టేకాఫ్, ల్యాండింగ్ రన్‌వే దగ్గరున్న ఇంకో బృందమే నేరుగా రేడియోతో చేసేది. నాకు బాగా నచ్చేది దాని ఓపిక. 20 మీటర్ల రెక్కలు, వెనక 900 హార్స్‌పవర్ టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ తిప్పే టర్బైన్) ఇంజిన్, బరువు తక్కువుంటే 27 గంటలు గాల్లోనే. హెల్‌ఫైర్ క్షిపణులు తగిలిస్తే అంతసేపు ఉండలేదు.

జవాబు 3: కానీ నెమ్మది. గగనతల రక్షణ ఉన్నచోట తేలిగ్గా దొరికిపోతుంది, యెమెన్‌లో చాలానే కూలాయి.