మొదటిసారి బరువు మోసుకుంటూ నడిచి ఒక రాత్రి బయట పడుకోవాలి: అంతర్వేది తీరం ఎలా ఉంటుంది?

అడిగినది: రాజోలు రేవు

నమస్కారమండీ. జనవరి నెలాఖరులో ఒక శనివారం బయలుదేరి ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేలా ఇద్దరం నడకకి వెళ్దామనుకుంటున్నాం. రోజూ ఎనిమిది పది కిలోమీటర్లు నడిచే అలవాటుంది గానీ వీపున బరువుతో ఎప్పుడూ నడవలేదు, గుడారంలో పడుకోలేదు. మొదట మారేడుమిల్లి అనుకున్నాం. ఇప్పుడు అంతర్వేది నుంచి తూర్పుగా సముద్రం ఒడ్డు పట్టుకుని నడిచి, సరుగుడు తోటల దగ్గర రాత్రికి ఆగుదామనుంది. ఎంత దూరం పెట్టుకోవాలి? సంచి ఎంత బరువుండాలి? నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి? గుడారం కొనాల్సిందేనా? పాముల గురించి ఇంట్లో భయపడుతున్నారు, దానికి ఏం చెప్పాలి?

జవాబు: గట్టుదారి

మొదటి రాత్రికి మారేడుమిల్లి కన్నా తీరమే మేలండి. అడవిలో సొంతంగా గుడారం వేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, సెల్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఏదైనా తేడా వస్తే రోడ్డెక్కడానికే పూట పడుతుంది. తీరం వెంబడి కేశవదాసుపాలెం, తూర్పుపాలెం లాంటి ఊళ్లు ఉన్నాయి. అక్కడికి చేరితే ఆటో దొరుకుతుంది. కొత్తగా వెళ్లేవాళ్లు ముందు ఆలోచించాల్సింది అందం గురించి కాదు, మధ్యలో మానేసి ఇంటికెళ్లే దారి గురించి. మ్యాపులో ప్రతి నాలుగైదు కిలోమీటర్లకి లోపలికి వెళ్లే ఒక రోడ్డు గుర్తుపెట్టి, ఆ కాగితం ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

దూరం మొదటి రోజు 10 కిలోమీటర్లు దాటనివ్వకండి. గట్టు మీద గంటకి నాలుగు నడిచే మనిషి, బరువుతో పొడి ఇసుకలో రెండున్నర నడిస్తే గొప్ప. మడమ దిగబడి ప్రతి అడుగుకీ పిక్కలు లాగుతాయి. నీరు వెనక్కి పోయాక తడిసి గట్టిపడిన ఇసుక మీద మాత్రం రోడ్డు మీద నడిచినట్టే ఉంటుంది. అందుకని నడక వేళని పాటుని (నీరు వెనక్కి పోయే సమయాన్ని) బట్టి పెట్టుకోవాలి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు, అంటే రోజుకి యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీరు ఎక్కువ పైకి వస్తుంది, అష్టమి దగ్గర తక్కువ. మొదటిసారికి అష్టమికి దగ్గరైన శనివారం చూసుకోండి. ఆ రోజు పోటు ఎన్నింటికో పల్లిపాలెం జాలర్లని అడిగితే చెప్తారు.

ఇంకో సంగతి. డ్రెయిన్ల మొగలు (మురుగు కాలవలు సముద్రంలో కలిసే చోట్లు) ఎక్కడైనా అడ్డొస్తే పాటు సమయంలోనే దాటండి. నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు, లోపల ఎక్కడ వంతెన ఉందో అక్కడికి చుట్టూ తిరిగి వెళ్లండి. నీరు వెనక్కి లాగేటప్పుడు మొగలో కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, వీపున సంచి ఉంటే నిలదొక్కుకోలేరు. ఒకవేళ దిగాల్సే వస్తే సంచి నడుం బెల్టు విప్పేసి దిగండి. పడితే సంచి వదిలేసి లేవగలగాలి.

అంతర్వేది స్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమికి. ఆ వారం బస్సులూ గోదావరి దాటించే నరసాపురం పంటూ కిక్కిరిసి ఉంటాయి, తేదీ ముందే చూసుకోండి.

జవాబు: సరుగుడు నీడ

రాత్రి ఎక్కడ ఆగాలన్నది గట్టుదారి గారు వదిలేశారు కాబట్టి అది చెప్తాను. పోటు నీరు వదిలిన చెత్త గీత ఒడ్డున కనిపిస్తుంది. కొత్త గీత కాదు, దానికి పైన ఎండిపోయిన పాత గీత వెతకండి. దానికి కూడా ఇంకో ముప్పై అడుగులు పైన పడక. నదిలో ఇసుక తిన్నెలు, లంక చివర్లు చూడ్డానికి ఎంత బాగున్నా అక్కడ పడుకోవద్దు, పోటుకి నీరు చుట్టేస్తుంది.

సరుగుడు తోట గాలికి అడ్డం, కానీ తోట లోపల కాదు, అంచున వేయండి. కింద రాలిన సరుగుడు ఆకు ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. తోటలు రైతులవి, అడిగి మరీ దిగండి. కొబ్బరి చెట్ల కింద అసలు వద్దు. కాయ ఒక్కటే కాదు, ఎండిన మట్ట పడినా మనిషికి దెబ్బే. గడ్డివాములకి, వరి కుప్పలకి దూరంగా ఉండండి. అక్కడ ఎలుకలు, ఎలుకల కోసం పాములు.

గ్యాస్ పైపులైను హెచ్చరిక రాళ్లు ఉన్నచోట గుడారమూ వద్దు, పొయ్యీ వద్దు, తవ్వకమూ వద్దు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి మనుషులు పోయిన సంగతి కోనసీమలో తెలియనివాళ్లు లేరు.

గుడారం కొనకండి, మొదటిసారికి అద్దెకో అరువుకో తెచ్చుకోండి. ఇద్దరు పట్టేది రెండు రెండున్నర కిలోలుంటుంది. దాంతో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో నిలవవు, రాత్రి గాలికి ఒక్కొక్కటీ పైకి వచ్చేస్తాయి. నాలుగు చిన్న గుడ్డ సంచులు పట్టుకెళ్లి వాటిలో ఇసుక నింపి, తాడు కట్టి అడుగు లోతున పాతిపెట్టండి, కదలదు. సాయంత్రం గాలి సముద్రం మీది నుంచి వస్తుంది, అర్ధరాత్రి దాటాక నేల మీది నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. ఒకవైపే కట్టి వదిలేస్తే తెల్లవారుజామున గుడారం ముడుచుకుపోతుంది, నాలుగు వైపులా కట్టండి. మంచు పడుతుందని తలుపు మొత్తం మూసేస్తే ఊపిరి తేమే లోపల నీళ్లై దుప్పటి మీద కారుతుంది. దోమతెర మూసి, బట్ట తలుపు రెండు వైపులా సగం తెరిచి ఉంచాలి.

జవాబు: లంక గాలి

నా మాట వేరండీ. జనవరిలో వాన భయం తక్కువ కాబట్టి గుడారం బరువెందుకు? పెట్టె ఆకారం దోమతెర, పైన మంచుకి ఒక టార్పాలిన్, మొత్తం కిలో కిలోంపావు. గాలి ఆడుతుంది, ఉక్క ఉండదు. తెర అంచు మాత్రం చాప కిందకి మడిచి పెట్టాలి, వేలాడితే లాభం లేదు.

రాజోలు రేవు

ముగ్గురికీ ధన్యవాదాలండీ. దోమతెర ఇంట్లో ఉంది, టార్పాలిన్ తెచ్చుకుంటాం. బరువు, నీళ్లు, తిండి లెక్క ఎవరైనా చెప్పరా?

జవాబు: పంటు రేవు

లెక్క ఇదిగోండి. సంచి మొత్తం మీ బరువులో అయిదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు పైహద్దు. ఖాళీ సంచి కిలోన్నర, చాప 400 గ్రాములు, దుప్పటి 700, తెర టార్పాలిన్‌లో మీ వాటా 600, బట్టలు 800, తిండి కిలో, లైటు మందులు తాళ్లు అరకిలో. అయిదున్నర అయింది. మిగతాదంతా నీళ్లే, ఇక్కడ బరువంటే నీళ్లే.

తీరం దగ్గర బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పన. కాలవ నీళ్లు కాచి తాగుదామనుకోకండి. కాచితే క్రిములు చస్తాయి గానీ చేలల్లో కొట్టిన మందు, ఉప్పు పోవు. ఊళ్లో అమ్మే మినరల్ వాటరే పట్టుకోండి. నడిచేటప్పుడు చెరో లీటరున్నర, ఊరు వచ్చినప్పుడల్లా నింపుకోండి. పడకకి ముందు వచ్చే చివరి ఊళ్లో మాత్రం ఇద్దరికీ కలిపి ఏడు లీటర్లు: తాగడానికి అయిదు, చేతులకీ ముఖానికీ రెండు. అంటే చివరి కిలోమీటరు రెండు మాత్రమే మూడున్నర కిలోల చొప్పున మోస్తారు, పొద్దుటి నుంచీ కాదు. చాలామంది ఇంటి దగ్గరే అంతా నింపుకుని మధ్యాహ్నానికే భుజాలు పోగొట్టుకుంటారు.

నీళ్ల సీసాలు సంచిలో వీపుకి ఆనుకుని, భుజాల మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున పెడితే నడుం వెనక్కి లాగుతుంది. బెల్టు కడుపు మీద కాదు, తుంటి ఎముక మీద బిగించండి, బరువులో ఎక్కువ భాగం అక్కడే దిగాలి.

మొదటి రాత్రికి పొయ్యి వద్దు. గ్యాస్ డబ్బా బస్సులో తీసుకెళ్లకూడదు, సరుగుడు ఆకు దగ్గర మంట ప్రమాదం. చింతపండు పులిహోర గట్టిగా కలిపి పొద్దున కట్టుకుంటే రాత్రికి నిక్షేపంగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం మధ్యాహ్నానికే పాడవుతాయి, తేవద్దు. పొద్దున్నకి అటుకులు, బెల్లం, వేరుశనగపప్పు. దారిలో తినడానికి తాపేశ్వరం కాజా కన్నా ఉప్పు వేసిన పప్పులు నయం, చెమటలో పోయేది ఉప్పే కదా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలవాలి.

కొత్త బూట్లు వద్దు. వేలు దగ్గర వేడిగా రాపిడి తెలియగానే ఆగి, ఇసుక దులిపి, గుడ్డ ప్లాస్టర్ అంటించండి. బొబ్బ లేచాక అంటిస్తే ఆలస్యమే. మేజోళ్లు రెండు జతలు మార్చుకుంటూ ఉండండి.

జవాబు: సరుగుడు నీడ

పాముల సంగతి ఎవరూ రాయలేదు. ఇంట్లోవాళ్ల భయం అకారణం కాదండీ. మన వైపు తాచు, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. బయట నేల మీద పడుకునేవాళ్లకి ముఖ్యంగా ప్రమాదం కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది, కాటు నొప్పి పెద్దగా ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనిపించదు. నిద్రలో జరిగితే దోమ కుట్టిందనుకుంటారు. లంక గాలి గారు తెర అంచు చాప కిందకి మడవమన్నది దోమ కోసమే కాదు, ఇందుకు కూడా. చీకటిపడ్డాక ఒంటికి వెళ్లినా సరే చేతిలో లైటు, కాలికి బూటు. పొద్దున బూట్లు బోర్లించి దులిపి వేసుకోండి.

కాటు అనుమానం వస్తే తాడు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ చేయకండి. ఉంగరాలు, గడియారం తీసేయండి. ఆ కాలో చెయ్యో కదలకుండా చూడండి, నడిపించకండి, టైము రాసుకుని 108కి ఫోన్ చేయండి. తెల్లవారి లేచేసరికి రెప్పలు బరువుగా వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, కారణం లేకుండా కడుపునొప్పి ఉన్నా అది కట్లపాము కాటే అనుకుని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చండి. విషానికి మందు ఇంజెక్షనే, నాటువైద్యుడి దగ్గర గంట పోగొట్టకండి. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి ఆగే చోటు నుంచి ఎంత సేపో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

వెళ్లే ముందు వారం ఇదే సంచితో, ఇదే తెరతో మీ డాబా మీద ఒక రాత్రి పడుకోండి. ఏ తాడు పొట్టిదో, ఏ లైటుకి ఛార్జింగ్ నిలవదో అక్కడే బయటపడుతుంది.

రాజోలు రేవు

ఈ శనివారమే డాబా మీద వేస్తామండీ. నీళ్లు నింపిన సంచి తూకం కూడా చూసి ఇక్కడ రాస్తాను.