ఏవీఐ నుంచి ఎంపీ4కి మార్చాక పాత ఫ్యామిలీ వీడియో జెర్కులు జెర్కులుగా ఆడుతోంది, ఏం చెయ్యాలి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. 2005లో మా తాతయ్య షష్టిపూర్తి మా బాబాయి మినీ డీవీ క్యామ్‌కార్డర్‌తో తీశాడు, ఆ టేపులన్నీ ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్‌లో క్యాప్చర్ చేసి ఏవీఐ ఫైళ్లుగా దాచుకున్నాం, గంట టేపుకి 13 జీబీ దాకా ఉంది. ఇప్పుడు అమెరికాలో ఉన్న అన్నయ్యకి పంపాలి, అంత ఫైలు పంపడం కుదిరే పని కాదు కాబట్టి ఒక ఫ్రీ కన్వర్టర్‌లో ఎంపీ4 చేశా. అక్కడి టీవీలకి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) కావాలంటారు కదా, అందుకని ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి బొమ్మల లెక్క, 30 పెట్టి, క్లారిటీ కోసం సైజు 1080పీ పెట్టా.

మనుషులు కూర్చుని మాట్లాడుకుంటుంటే బానే ఉంటోంది. కెమెరా పక్కకి తిప్పిన ప్రతిచోటా తేడా కొడుతోంది, ముఖ్యంగా భోజనాల బంతి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూపించే షాట్ ఒకటుంది, అది ఆగి ఆగి కదులుతోంది, మావయ్య సాంబారు బకెట్ పట్టుకుని వడ్డించుకుంటూ వస్తుంటే ఆయన చేతి అంచుల్లో దువ్వెన పళ్లలాగా గీతలు. ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే ఇంకోరకం, మధ్యలో రెండు మూడు సెకన్లు బొమ్మ ఆగిపోయి మళ్లీ నడుస్తోంది. ల్యాప్‌టాప్ పాతది, ఐ3. కొత్తది కొంటే పోతుందా? తాతయ్య ఇప్పుడు లేరు, ఆయన నడక, గొంతు మాకు ఈ టేపుల్లో తప్ప ఎక్కడా లేవు, అందుకే సరిగ్గా చేయించాలని అడుగుతున్నా.

కోడూరు_కుర్రాడు:
బ్రో, వీఎల్‌సీ ప్లేయర్ ప్రిఫరెన్సెస్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ డిసేబుల్ చేసి ఓసారి చూడు. నాకు గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల ఇలాగే ఆగేది.

పాత_టేపులు:
గోదారి_గట్టు గారూ, ల్యాప్‌టాప్ మాత్రం కొనకండి, దాని తప్పేం లేదు. డ్రైవర్ గొడవైతే ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది, మీకు కెమెరా తిప్పినచోటే వస్తోంది అంటే ఆ జెర్కు ఫైల్లోనే పడిపోయింది, ఏ ప్లేయర్‌లో పెట్టినా ఉంటుంది. కావాలంటే వీఎల్‌సీలో ఆ బంతి షాట్ దగ్గర పాజ్ చేసి కీబోర్డ్ మీద ఇంగ్లిష్ E అక్షరం ఒక్కోసారి నొక్కుతూ వెళ్లండి, ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. మీ మావయ్య చెయ్యి వరసగా కదులుతూ కదులుతూ ఒక నొక్కుకి అస్సలు కదలదు, మళ్లీ కదులుతుంది, ప్రతి ఆరు నొక్కుల్లో ఒకటి అలా పోతుంది. మన దగ్గర వాడిన క్యామ్‌కార్డర్లు పాల్ (మన టీవీ పద్ధతి), సెకనుకి 25 ఫ్రేములే, మీరు 30 అడిగారు, మిగతా అయిదు ఎక్కడినుంచి తెస్తుంది పాపం ఆ కన్వర్టర్, ఉన్నవాటిలోనే సెకనుకి అయిదింటిని రెండేసిసార్లు వేసి లెక్క సరిచేసింది.

ఇక గీతల సంగతి. మినీ డీవీ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేముని కూర్చే అడ్డ వరసల్లో సగం ఒక క్షణానివి, మిగతా సగం సెకనులో యాభయ్యో వంతు తర్వాతవి, ఆ రెండింటినీ ఫీల్డులు అంటారు. ఆలోపు చెయ్యి కదిలింది కాబట్టే అంచుల్లో ఆ దువ్వెన పళ్లు. డీఇంటర్‌లేస్ చెయ్యకుండా, అంటే ఆ ఫీల్డుల్ని విడదీసి పూర్తి ఫ్రేములుగా మార్చకుండా, నేరుగా 1080కి పెంచితే రెండు ఫీల్డులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని సరిగ్గా విడదీయలేదు. కాబట్టి ఆ ఎంపీ4ని బాగుచెయ్యాలని టైమ్ పెట్టొద్దు, ఏవీఐ నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

హ్యాండ్‌బ్రేక్ అని ఒక కన్వర్టర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఏవీఐ తెరిచి సైజు టేపుది 576 వరసలు ఎలా ఉందో అలాగే వదిలెయ్యండి, 1080 చేసినంత మాత్రాన టేపులో లేని క్లారిటీ రాదు. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్‌కి బీడబ్ల్యూడిఫ్, ప్రీసెట్ బాబ్ పెట్టండి, అప్పుడు ఒక్కో ఫీల్డు ఒక్కో పూర్తి ఫ్రేమ్ అయ్యి సెకనుకి 50 వస్తాయి, టేపు టీవీలో డైరెక్ట్‌గా వేసినప్పుడు చూసిన ఆ నున్నటి కదలిక తిరిగొస్తుంది. ఇక్కడే చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది, హ్యాండ్‌బ్రేక్ మామూలు ప్రీసెట్లలో ఫ్రేమ్ రేట్ 30 పీక్ (30కి మించకూడదు) అని ఉంటుంది, అది మార్చకపోతే మీ 50ని 30కి కోసేస్తుంది, మళ్లీ జెర్కే. వీడియో ట్యాబ్‌లో 50 సెలెక్ట్ చేసి కాన్‌స్టంట్ పెట్టండి. ఎన్‌కోడర్ హెచ్.264, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18 (ఈ అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది). ముందు బంతి షాట్ ఒక్కటే కన్వర్ట్ చేసి చూడండి. మనుషులు రెండడుగులు ముందుకి ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు వణికితే ఫీల్డ్ ఆర్డర్ తిరగబడిందని, డీవీకి బాటమ్ ఫీల్డ్ ముందు రావాలి.

టీవీలో ఆగడం వేరే జబ్బు. ఫ్రీ కన్వర్టర్లు 1080కి బిట్‌రేట్, అంటే సెకనుకి చదవాల్సిన డేటా, బాగా ఎక్కువ పెట్టేస్తుంటాయి, పెన్‌డ్రైవో టీవీ లోపలి చిప్పో ఆ స్పీడ్ అందుకోలేకపోతే అలా ఆగుతుంది. 576లో చేస్తే ఫైలే చిన్నదవుతుంది, అదీ తగ్గాలి.

డల్లాస్_తెలుగు:
పైన చెప్పింది కరెక్ట్. ఎన్‌టీఎస్‌సీ భయం డీవీడీ డిస్కుల రోజుల్లోది, ఎంపీ4కి అది వర్తించదు, ఇక్కడ ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ యాప్ ఏదైనా 25, 50 ఫైళ్లు ప్లే చేస్తాయి. ఒక్కటి మాత్రం నిజం, ఇక్కడి స్క్రీన్లు ఎక్కువ 60 హెర్ట్జ్, 50ని 60లో చూపించడానికి స్క్రీన్ కూడా కొన్ని ఫ్రేముల్ని రెండుసార్లు వేస్తుంది, కానీ ఆ ఆగుడు సెకనులో అరవయ్యో వంతే కాబట్టి మీ ఇప్పటి ఫైల్లో ఉన్నంత కొట్టొచ్చినట్టు ఉండదు. ఫైల్ మాత్రం 50గానే ఉంచండి, స్క్రీన్లు రేపు మారతాయి, ఫైల్లో పడిన జెర్కు పోదు.

గోదారి_గట్టు:
పాత_టేపులు గారూ, చాలా చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే నొక్కి చూస్తే ఆరో నొక్కుకి చెయ్యి కదల్లేదు. మళ్లీ ఏవీఐ నుంచి 50లో చేశా, బంతి షాట్ ఎంత హాయిగా జరుగుతోందో, తాతయ్య ఒక్కో ఆకు దగ్గర ఆగి వంగి "ఇంకాస్త వేయించుకోండి" అంటున్నది చూసి అమ్మ మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. టీవీలోనూ ఆగట్లేదు. రెండో టేపు చివర్లో మాత్రం అక్కడక్కడా చదరాలు చదరాలుగా పడి బొమ్మ ఎగురుతోంది. ఇదీ సెట్టింగేనా? ఇక ఏవీఐలు తీసేసి హార్డ్ డిస్క్ ఖాళీ చెయ్యొచ్చా?

పాత_టేపులు:
ఆ చోటు ఏవీఐలో చూడండి. అక్కడా చదరాలుంటే కన్వర్షన్‌కి సంబంధం లేదు, క్యాప్చర్ చేసినప్పుడు టేపు సరిగ్గా చదవలేదు. క్యామ్‌కార్డర్ ఇంకా పనిచేస్తుంటే హెడ్ క్లీనింగ్ క్యాసెట్ కొన్ని సెకన్లు తిప్పి, టేపుని చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్, రివైండ్ చేసి ఆ ముక్క ఒక్కటే మళ్లీ క్యాప్చర్ చెయ్యండి, చాలాసార్లు వచ్చేస్తుంది. ఆ క్యామ్‌కార్డర్‌లో రాకపోతే ఇంకోదాంట్లో వేసి చూడండి, ఒకదాంట్లో చదవని టేపు ఇంకోదాంట్లో చదివిన సందర్భాలున్నాయి.

ఏవీఐలు మాత్రం దయచేసి తీసెయ్యకండి. ఎంపీ4 పంపుకోవడానికీ చూసుకోవడానికీ, అసలు రికార్డింగ్ మాత్రం ఏవీఐయే. తీసిన తేదీ, టైమ్ కూడా డీవీ డేటాలోనే రాసి ఉంటాయి, కన్వర్ట్ చేస్తే పోతాయి. ఇంకో హార్డ్ డిస్క్ కొని ఒక కాపీ మీ దగ్గర, ఒకటి బాబాయి దగ్గర పెట్టండి, కొత్త డిస్క్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకోండి, లేకపోతే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.