క్లౌడ్ డాక్యుమెంట్లలో అన్నీ బ్యాష్ కమాండ్లే, విండోస్‌లో ఎలా?

ప్రశ్న: ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ (అమెజాన్ క్లౌడ్‌ని కమాండ్లతో నడిపే టూల్) ఉదాహరణలు చాలావరకు బ్యాష్‌వే, అంటే లినక్స్‌లో వాడే కమాండ్ షెల్‌వి. విండోస్ పవర్‌షెల్ 5.1లో పేస్ట్ చేస్తే \ దగ్గరే ఎర్రర్. జేసన్ (డేటా రాసే ఫార్మాట్) పారామీటర్ కూడా చెల్లదంటోంది. ఏం మార్చాలండీ?

జవాబు 1: లైను చివర \ బదులు పవర్‌షెల్‌లో ` పెట్టండి, సీఎండీలో (విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్) అయితే ^. దాని తర్వాత ఒక్క స్పేస్ ఉన్నా కమాండ్ అక్కడే తెగిపోతుంది. జేసన్ సంగతి వేరు: లోపలి డబుల్ కోట్స్‌ని 5.1 మింగేస్తుంది. జేసన్‌ని ఫైల్లో పెట్టి, file:// తర్వాత దాని పాత్ ఇవ్వండి. ఆ ఫైలును > తో మాత్రం రాయొద్దు, యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్ అయిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

జవాబు 2: పవర్‌షెల్ 7.3 లేదా ఆ తర్వాతి వెర్షన్‌కి మారితే కోట్స్ బాధ తప్పుతుంది. అజ్యూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) సీఎల్ఐకి తప్పదు, విండోస్‌లో అది .సీఎండీ ఫైలు ద్వారా నడుస్తుంది కాబట్టి కోట్స్ విషయంలో పాత పద్ధతే. డాక్యుమెంట్లలో ప్రతి ఉదాహరణకీ పవర్‌షెల్ ట్యాబ్ ఇవ్వాల్సిందే; లేకపోతే కొత్తవాళ్లు తప్పు తమదే అనుకుంటారు.