కెతుబా: దస్తావేజా, చిత్రపటమా?

పాతకాగితం:
యూదుల పెళ్లిపత్రాన్ని కెతుబా అంటారు. 17, 18 శతాబ్దాల్లో వెనిస్, అంకోనా, రోమ్ వంటి ఇటలీ నగరాల్లో దీన్ని పార్చ్‌మెంట్ తోలు మీద రాసి, చుట్టూ పూలతీగలు, రాశిచక్రం, జెరూసలేం దృశ్యాలు చిత్రించేవారు. నేటి మ్యూజియంలలో మనం చూసేవి ఎక్కువగా అవే. ఆ బొమ్మలు పత్రంలో భాగమా, లేక పత్రాన్ని మరుగుపరిచిన ఆర్భాటమా?

నా మట్టుకు నేను రెండో మాటే అంటాను. విడాకులైనా, భర్త పోయినా భార్యకు ఎంత ముట్టాలో చెప్పే బాధ్యతాపత్రం కెతుబా. కన్యకు 200 జూజ్‌లు (పాతకాలపు వెండి నాణేలు), వితంతువుకు 100 అని యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నా నిర్ణయించింది. అరమాయిక్ అనే ప్రాచీన భాషలో రాసి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే పని పూర్తయినట్టే. పత్రం పోగొట్టుకుంటే మారుపత్రం రాయించుకునేదాకా దంపతులు కలిసి ఉండకూడదంటుంది వారి ధర్మశాస్త్రం; కానీ ఆ మారుపత్రంలో పూలతీగ ఉండాలని ఎక్కడా అనదు. ఇటలీలోనే కొన్ని యూదు సమాజాల పెద్దలు ఈ అలంకరణ ఖర్చుకు హద్దు పెట్టవలసి వచ్చిందంటే, వ్యవహారం ఎక్కడిదాకా పోయిందో ఊహించుకోవచ్చు.

అంచుపూలు:
పాతకాగితం గారూ, ఖర్చు సంగతి ఒప్పుకుంటాను. అష్కెనాజీ యూదులు, అంటే జర్మనీ, తూర్పు ఐరోపా ప్రాంతాల యూదులు, చాలావరకు సాదా పత్రాలతోనే సరిపెట్టుకున్నారు. వధువుకు వరుడు ఉంగరం అందిస్తున్నట్టు చిత్రించిన 1392 నాటి ఆస్ట్రియాలోని క్రెమ్స్ పట్టణపు పత్రం వారిలో అరుదైనది. అయితే బొమ్మకు, పత్రానికి సంబంధం లేదన్న మాట మాత్రం నిలవదు. 1391లో యూదుల మీద జరిగిన అల్లర్ల తర్వాత స్పెయిన్ దగ్గరి మయోర్కా ద్వీపం వదిలి ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ చేరిన రబ్బీ (యూదు మతగురువు) షిమోన్ బెన్ సెమహ్ దురాన్, ఎవరూ తర్వాత ఒక షరతు దూర్చకుండా పత్రం అంచుల్లోని ఖాళీని నింపమన్నారు. దస్తావేజులో అంకె పక్కన గీత కొట్టి ఖాళీ మూసేయడం మనమూ ఎరిగిన జాగ్రత్తే. ఆ గీతే అక్కడ పూలతీగగా పెరిగిందని నేను అనుకుంటాను. పైగా పెళ్లిపందిరి కింద పదిమంది ముందు చదివి వినిపించే పత్రమిది; చెప్పిన మాటను నలుగురి కంటా పడేలా చేయడం కూడా దాని పనే.

పాతకాగితం:
అంచుల వాదన బాగుంది, తీసుకుంటాను. మరి ఇస్సాకు అనే వరుడి పత్రంలో బైబిల్లో అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోతూ కత్తి ఎత్తిన ఘట్టం ఎందుకు? అది ఏ మోసాన్ని ఆపుతుంది? పెళ్లినాడు బలిపీఠం చూపడం, నన్నడిగితే, కొంచెం వింత ముచ్చట కూడా.

అంచుపూలు:
ఏ మోసాన్నీ ఆపదు, నిజమే. అది పేరు మీది మురిపెం. కానీ చాలా ఇటలీ పత్రాల్లో స్తంభాల మీద నిలబెట్టిన జంట తోరణాలు ఉంటాయి, వాటిని ఒకసారి దగ్గరగా చూడండి. కుడి తోరణం కింద కెతుబా పాఠం, ఎడమ తోరణం కింద కట్నం, వారసత్వం వంటి విషయాల్లో రెండు కుటుంబాలు విడిగా ఒప్పుకున్న షరతులు. ఆ పాఠాలను చదవనివాడు ఆ రెండు తోరణాలను గీయలేడు.

పాతకాగితం:
తోరణాల వరకు ఒప్పుకున్నాను. కత్తి దగ్గర మాత్రం నా మాట నాదే.